ఆ తొమ్మిది ఎక్కడిది టీచర్?

మా బడిలో లెక్కల పీరియడ్ పొద్దున ప్రార్థన అయిన వెంటనే ఉండేది. పిలకాయల బుర్ర అప్పుడు చురుగ్గా ఉంటుందని అలా పెడతారు. నేను దాన్ని మెల్లమెల్లగా వెనక్కి జరుపుకుంటూ వచ్చాను. ఒకరోజు తెలుగు పాఠం కాస్త మిగిలిపోయిందని, ఇంకోరోజు డిక్టేషన్ దిద్దాలని, మరోరోజు ఆన్‌లైన్‌లో అటెండెన్స్ ఎక్కడం లేదని. చివరికి అది మధ్యాహ్నం భోజనాలు దాటి ఆఖరి గంటకు చేరింది. ఆ గంటలో నా చూపంతా గోడ గడియారం మీదే ఉండేది.

నేను ఎస్జీటీని, అంటే ప్రైమరీ బడి టీచర్ని. నెల్లూరు జిల్లాలో సముద్రం వైపు, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఊళ్లో పని చేస్తున్నాను. లెక్కలంటే నాకు భయం. ఇష్టం లేకపోవడం కాదు, భయమే. బోర్డు దగ్గర నిలబడగానే అరచేతులు తడిసిపోయి చాక్‌పీసు జారేది. గొంతు ఆరిపోయేది. నేను రాసిన అంకెలే ఎవరో రాసినట్టు కనిపించేవి. ఉద్యోగంలో చేరి ఏళ్లు గడిచినా ఈ మాట ఎవరితోనూ అనలేదు. చిన్నపిల్లలకు చదువు చెప్పే మనిషి కూడికలు, తీసివేతలంటే భయం అని ఎవరితో చెప్పుకుంటుంది?

ఆరో తరగతిలో మా లెక్కల సారు నన్ను పదమూడో ఎక్కం చెప్పమని నిలబెట్టారు. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "నీకు లెక్కలు రావులేమ్మా, కూర్చో" అన్నారు, చాలా జాలిగా. తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్నేమో. ఆ జాలి మాత్రం లోపల ఉండిపోయింది. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ, "మన ఇంట్లో లెక్కలు ఎవరికి వచ్చాయిలే" అంది. మా అమ్మ పాలు పోసేది. పదిహేను ఇళ్ల పాల లెక్క, ఎవరికి పావు, ఎవరికి అర, ఎవరు ఏ రోజు వద్దన్నారు, నెలాఖరుకు ఎవరు ఎంతివ్వాలి, అంతా నోటి మీదే చెప్పేది. అది లెక్కలు రావడం కిందికి వస్తుందని ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు.

పదో తరగతి ఎలాగో గట్టెక్కాను. ఇంటర్లో సీఈసీ తీసుకున్నది లెక్కలు తప్పించుకోడానికే. టీచర్ల కోర్సు డీఎడ్‌లో చేరాక తెలిసింది, ప్రైమరీ టీచరుకు తప్పించుకునే దారి ఉండదని. మా పల్లిపాడు డైట్‌లో, అంటే టీచర్ల శిక్షణ కళాశాలలో, మ్యాథ్స్ మెథడాలజీ టీచింగ్ ప్రాక్టీస్ ముందు రోజు సాయంత్రం, గాంధీగారు 1921లో ప్రారంభించిన పినాకిని ఆశ్రమం వైపు వెళ్లి పెన్న గట్టున కూర్చుని ఏడ్చాను. నా రూమ్మేట్ లెసన్ ప్లాన్ మొత్తం రాసిపెట్టింది. నేను దాన్ని పద్యంలా అప్పజెప్పి వచ్చాను. మార్కులు బాగానే వేశారు.

నన్ను ఇప్పటికీ కలచివేసే సంగతి ఒకటి ఉంది. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, అంటే ఎన్‌సీఎఫ్ 2005 కోసం గణిత బోధన మీద తయారైన పత్రంలో, చాలామంది పిల్లల్లో గణితమంటే భయం, ఓటమి భావం ఉన్నాయని అన్ని సమస్యలకంటే ముందు రాశారు. టీచర్ల తయారీ సరిగా లేకపోవడం కూడా ఆ సమస్యల్లో ఒకటి. డీఎడ్‌లో ఇది నేను చదివాను, బట్టీ పట్టాను, పరీక్షలో రెండు పేజీలు రాశాను. ఆ రెండు పేజీల్లో ఉన్నది నా గురించేనని రాస్తున్నప్పుడు ఒక్క క్షణం కూడా అనుకోలేదు.

2011లో మన రాష్ట్రంలో మొదటిసారి టీచర్ల అర్హత పరీక్ష టెట్ పెట్టినప్పుడు రాశాను. 150 మార్కులు, ఐదు భాగాలు, భాగానికి 30. లెక్కల్లో ఇన్ని రావాలని విడిగా నియమం లేదు. మొత్తం చూస్తారంతే. తెలుగు, సైకాలజీ, ఈవీఎస్ నన్ను దాటించాయి. టీచర్ ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి నెల్లూరులో కోచింగ్ తీసుకుని లెక్కల్లో షార్ట్‌కట్లు బట్టీ పట్టాను. ఉద్యోగం వచ్చింది. ఇంట్లో పండగ చేసుకున్నాం. లెక్కలు రాకుండానే లెక్కలు చెప్పే అర్హత నాకు వచ్చేసింది.

మాది ఇద్దరు టీచర్ల బడి. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లే. మా హెచ్.ఎం. సారు పెద్దాయన. "లెక్కలు నాకొదిలేయమ్మా, తెలుగు నువ్వు చక్కగా చెప్తావు" అన్నారు. ఒకటి, రెండు తరగతుల కూడికలు నేను చూసుకునేదాన్ని, పై తరగతులు ఆయన. ఆరేళ్లు అలా గడిచాయి. బదిలీల్లో ఆయన వెళ్లిపోయారు, ఆయన స్థానంలో నాకంటే చిన్నమ్మాయి వచ్చింది. వచ్చిన రోజే, "అక్కా, మీరు సీనియర్ కదా, నాలుగు, ఐదు మీరు చూడండి, చిన్న క్లాసులు నేను చూస్తా" అంది. కాదనడానికి నా దగ్గర చెప్పుకోదగ్గ కారణం లేదు.

ఆ సంవత్సరమే జరిగింది ఇది. నాలుగో తరగతి. బోర్డు మీద 302లోంచి 178 తీసివేయమని రాశాను. నేర్చుకున్న పద్ధతిలోనే చేసుకుంటూ పోయాను. రెండులోంచి ఎనిమిది పోదు, పక్కనున్న సున్నా దగ్గర అప్పు తెచ్చుకోవాలి, సున్నా దగ్గర ఏమీ లేదు, కాబట్టి వందల దగ్గరికి పోవాలి, మూడు కొట్టేసి రెండు, సున్నా కొట్టేసి తొమ్మిది, రెండు పన్నెండయింది. ముందు వరసలో కూర్చునే పాప చెయ్యెత్తింది. "ఆ తొమ్మిది ఎక్కడిది టీచర్?"

నాకు తెలియదు. పాతికేళ్లుగా ఆ సున్నా మీద తొమ్మిది వేస్తున్నాను. అది ఎక్కడి నుంచి వస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. గుండె దడదడలాడింది. "రూలు అంతేరా. సున్నా ఉంటే తొమ్మిది చేసుకోవాలి. ముందు రాసుకో" అన్నాను. గొంతు కాస్త పెరిగింది కూడా. ఆ పిల్ల చెయ్యి దించేసి రాసుకుంది. తర్వాత చాలా రోజులు లెక్కల గంటలో ఆ చెయ్యి లేవలేదు.

ఓ నెల తర్వాత, భోజనాలయ్యాక వరండాలో ఆడపిల్లలు బడి ఆట ఆడుకుంటున్నారు. నేను లోపల రిజిస్టర్ రాసుకుంటున్నాను. ఆ పాపే టీచరు. చున్నీని చీర పైటలా వేసుకుంది, చేతిలో వేపపుల్ల. ఎదురుగా కూర్చున్న చిన్నపిల్ల, "టీచర్, లెక్కలు" అంది. మా టీచరు పుల్లతో నేల మీద రెండు దెబ్బలు కొట్టి, కనుబొమలు ముడిచి, "లెక్కలు రేపు చూద్దాం, ముందు తెలుగు తియ్యండి" అంది. గొంతు నాదే. ఆ ముఖం కూడా నాదే. మాట్లాడుతూ కుడి అరచెయ్యి పైటకు తుడుచుకుంది. చెమట తుడుచుకునే ఆ అలవాటు నాకుందని నాకే తెలియదు.

రిజిస్టర్ మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

కొద్ది రోజులకే నా పాత రూమ్మేట్ ఫోన్ చేసింది. ఎంఎడ్ చేస్తోంది, డిసర్టేషన్ కోసం ప్రైమరీ టీచర్ల చేత ఒక ప్రశ్నావళి నింపిస్తోంది. "లెక్కలు చేసేటప్పుడు ఎవరైనా నన్ను గమనిస్తుంటే ఆందోళనగా ఉంటుంది", "అనుకోకుండా లెక్క అడిగితే మనసు ఖాళీ అయిపోతుంది", ఇలాంటి వాక్యాలు. పక్కన ఐదు గళ్లు. దాదాపు అన్నిటికీ ఆఖరి గడిలో టిక్ పెట్టి, దాంతోపాటు జరిగిందంతా ఆమెకు చెప్పేశాను. ఆమె నవ్వలేదు. దీనికి పేరుందని, గణిత ఆందోళన అంటారని, 1972లోనే అమెరికాలో దీన్ని కొలవడానికి 98 అంశాలతో ఒక కొలబద్ద తయారు చేశారని చెప్పింది. తెలివి తక్కువై ఇలా అవదట. లెక్క చేసేటప్పుడు అంకెల్ని కాసేపు పట్టి ఉంచుకునే చోటు మనసులో చాలా చిన్నది. భయం వచ్చి ఆ చోటులో కొంత ఆక్రమించేస్తుంది, మిగిలిన దాంట్లో లెక్క ఇమడదు. పదమూడు ఏడుల దగ్గర ఆగిపోయిన ఆ ఆరో తరగతి పిల్లకు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

ఇంకొకటి కూడా చెప్పింది. అది విన్నాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు 2010లో ప్రచురించిన పరిశోధన. ఒకటి, రెండు తరగతులు చెప్పే 17 మంది టీచర్లు, అందరూ ఆడవాళ్లే, వాళ్ల దగ్గర చదివే 117 మంది పిల్లలు. ఏడాది మొదట్లో టీచరు భయానికీ పిల్లల లెక్కలకూ సంబంధం లేదు. ఏడాది చివరికి వచ్చింది. టీచరుకు ఎంత టెన్షన్ ఉంటే, లెక్కలు మగపిల్లలకు, చదవడం ఆడపిల్లలకు అని నమ్మే ఆడపిల్లలు ఆ క్లాసులో అంత ఎక్కువయ్యారు. అలా నమ్మినవాళ్లు లెక్కల్లో వెనకబడ్డారు. మగపిల్లల మీద ఆ ప్రభావం కనపడలేదు. నాకు వరండాలో పైటకు తుడుచుకున్న ఆ చిన్న అరచెయ్యి గుర్తొచ్చింది.

ఏం చేయాలో తోచక నాకు తెలిసిన చోట మొదలుపెట్టాను. ఒకటో తరగతి లెక్కల పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. రాత్రి పిల్లలు పడుకున్నాక, పదింటికి. ఒక కొబ్బరి ఈనెల చీపురు విప్పి, ఈనెల్ని ముక్కలు చేసి, పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేశాను. పది కట్టలు కలిపి పురికొసతో కడితే వంద. వంద పుల్లల కట్టలు మూడు, విడి పుల్లలు రెండు ముందు పెట్టుకున్నాను. 302. ఇందులోంచి 178 తియ్యాలి.

విడి పుల్లలు రెండే ఉన్నాయి, ఎనిమిది కావాలి. పదుల కట్టలు ఒక్కటీ లేవు. ఒక వంద కట్ట పురికొస విప్పాను. పది కట్టలు వచ్చాయి. అందులో ఒకటి తీసి రబ్బరుబ్యాండు విప్పాను. పది విడి పుల్లలు, ముందున్న రెండుతో కలిపి పన్నెండు. పక్కన చూస్తే పదుల కట్టలు ఎన్ని మిగిలాయి? తొమ్మిది.

అది చూసి అలాగే ఉండిపోయాను. ఆ తొమ్మిది ఎక్కడి నుంచీ అప్పు తెచ్చింది కాదు. మన వందే విప్పుకున్నాం. పదిలో ఒకటి ఒకట్లకు పోయింది, తొమ్మిది ఉండిపోయాయి. మళ్లీ కట్టాను, మళ్లీ విప్పాను. 300లోంచి 163 చేశాను, 1000లోంచి 1 చేయడానికి పుల్లలు చాలక మనసులోనే విప్పాను. రాత్రి పన్నెండు దాటింది. మా ఆయన లేచి వచ్చి దీపం ఎందుకు వెలుగుతోందని చూసి, నేల మీదున్న పుల్లలు చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి పడుకున్నారు.

మర్నాడు ఆ కట్టలన్నీ సంచిలో వేసుకుని బడికి వెళ్లాను. లెక్కల పీరియడ్ పొద్దున్నే పెట్టాను. పాపను పిలిచి, "ఆ రోజు నువ్వడిగిన దానికి నాకు సమాధానం తెలీదమ్మా. రూలు అని చెప్పాను. నిన్న రాత్రి తెలుసుకున్నా, ఇద్దరం చూద్దాం రా" అన్నాను. పిల్లలందరూ నా వంకే చూశారు. టీచరుకు తెలియనిది ఉంటుందని వాళ్లకు అదే మొదటిసారి. పురికొస విప్పే పని ఆమెకే ఇచ్చాను. తొమ్మిది కట్టలు లెక్కపెట్టి తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఏమీ అనలేదు. కట్టలు మళ్లీ కట్టేసి, ఇంకో లెక్క వెయ్యమంది.

ఆ రోజుతో భయం పోలేదు. మూడు నెలలకు భిన్నాలు వచ్చాయి. నాకు అన్నిటికంటే భయం వాటితోనే. ఐదో తరగతిలో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అంటే క్లాసంతా నాలుగో వంతు అంది, నాలుగు పెద్దది కాబట్టి. కాగితాలు మడిచి చూపించాను. సరే అన్నారు, మర్నాటికి మళ్లీ నాలుగో వంతే అన్నారు. అప్పుడు వెనక బెంచీలో, నెలలో సగం రోజులు బడికి రాని పిల్లాడు, నాన్న రొయ్యల గుంట కాపలాకి పోతే వెంట పోయేవాడు, అన్నాడు: "కౌంట్ లాగా ఏంది టీచర్?"

కౌంట్ అంటే కేజీకి తూగే రొయ్యల సంఖ్య. నూరు కౌంట్ అంటే కేజీకి వంద, ఒక్కోటి పది గ్రాములు. యాభై కౌంట్ అంటే ఒక్కోటి ఇరవై గ్రాములు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. మా ఊళ్లో మూడేళ్ల పిల్లలు కూడా ఈ మాట వింటూ పెరుగుతారు. "ముప్పై కౌంటే గదా పెద్ద రొయ్య. నూరు కౌంట్‌ది చిన్నది. అట్టనే మూడుది పెద్ద ముక్క, నాలుగుది చిన్న ముక్క" అన్నాడు. నేను చాక్‌పీసు వాడి చేతికిచ్చాను. వాడు బోర్డు మీద కేజీలో ముప్పయ్యో వంతు, కేజీలో నూరో వంతు రాశాడు. హారం అంటే ఏమిటో ఆ రోజు పిల్లలకంటే నాకే బాగా అర్థమైంది. కేజీని ఎన్ని ముక్కలు చేశామన్న అంకె అది. ముక్కలు పెరిగేకొద్దీ ముక్క చిన్నదవుతుంది. లోపల నుంచి చూస్తే ఇంత తేలికా అనిపించింది. వాడు ఆ సంవత్సరం రోజూ వచ్చాడని చెప్పలేను, లెక్కల పీరియడ్‌కి మాత్రం ఎక్కువే వచ్చాడు.

ఆ ధైర్యంతోనే, చుట్టుపక్కల బళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో నోరు విప్పాను. సాధారణంగా అక్కడ సర్క్యులర్లు చదవడం, ఫార్మాట్లు నింపడంతోనే పొద్దుపోతుంది. ఆ రోజు మధ్యాహ్నం కాస్త టైం దొరికింది. నా స్నేహితురాలు చెప్పిన లెక్క ఒకటి అడిగాను. ఒకటీ ముప్పావును అరతో భాగిస్తే ఎంత? అందరూ తిప్పి గుణించి మూడున్నర అన్నారు. "సరే, దీనికి పిల్లలకు చెప్పే ఒక కథ చెప్పండి" అన్నాను. ఒక టీచరు, ఒకటీ ముప్పావు కేజీ చక్కెర ఇద్దరికి సమానంగా పంచితే అంది. ముగ్గురు నలుగురు తలూపారు. ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి కేజీ కూడా రాదు కదా, మూడున్నర ఎలా వచ్చింది అంటే గదంతా నిశ్శబ్దం.

రిటైర్మెంటుకు దగ్గరగా ఉన్న ఒక హెచ్.ఎం. సారు కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ముప్పయ్యేళ్లుగా తిప్పి గుణించండిరా అని చెప్తున్నానమ్మా. ఎందుకు తిప్పాలో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు" అన్నారు. పెద్దాయన అంత మాట అన్నాక మిగతావాళ్లకూ మాటొచ్చింది. ఒకరు శాతాలు అన్నారు, ఒకరు పొడవు భాగహారం అన్నారు. మా బడిలో చిన్న క్లాసులు అడిగి తీసుకున్న ఆ అమ్మాయి, "అక్కా, నాలుగు, ఐదు నేను ఎందుకు వద్దన్నానో మీకిప్పుడు తెలిసిందా" అంది. కళ్లల్లో నీళ్లున్నాయి. ఒకే గోడకు అటూ ఇటూ ఇద్దరం ఒకే భయంతో ఏడాది పాటు పాఠాలు చెప్పుకున్నాం, ఒకరికొకరం చెప్పుకోలేదు.

కథ చెప్పింది కూడా ఆమే. "చక్కెరని అరకేజీ పొట్లాలు కడితే? మూడు పొట్లాలవుతాయి, పావుకేజీ మిగులుతుంది. పావు అంటే అరకేజీ పొట్లంలో సగం. మూడున్నర పొట్లాలు." కేజీకి అరకేజీలు రెండు, కాబట్టి రెండుతో గుణిస్తున్నాం. తిప్పడమంటే అదే. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. క్యానులో ఉన్న పాలు ఎన్ని అరలీటర్లు అవుతాయో రోజూ తెల్లారుజామున చూసుకుని బయల్దేరేది. ఆమె చేసింది ఈ భాగహారమే.

1999లో అచ్చయిన ఒక పరిశోధనలో ఇదే లెక్క చైనాలో, అమెరికాలో ప్రైమరీ టీచర్లకు ఇచ్చారట. చైనాలో 72 మందీ సరిగా చేశారు. అమెరికాలో 23 మందిలో సగం మంది కూడా పూర్తిగా సరిగా చేయలేకపోయారు. సరైన కథ చెప్పగలిగింది అక్కడ ఒక్కరే. ఇద్దరికి పంచే తప్పు మన దగ్గరే కాదు, అక్కడా ఉందని వింటే మా మీటింగ్‌లో అందరి భుజాలూ కాస్త దిగాయి.

అప్పటి నుంచి మేం ఆరుగురం ప్రతి మీటింగ్ రోజూ ఒక అరగంట ఆగిపోతున్నాం. మేమే పెట్టుకున్నాం, ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు. ఒక్కొక్కరు తమకు "ఎందుకో" తెలియని లెక్క ఒకటి తెస్తారు. ఎవరూ నవ్వకూడదన్నది ఒక్కటే షరతు. శిక్షణల్లో మాకు ఎన్నో మాడ్యూళ్లు ఇస్తారు, పిల్లల భయం పోగొట్టడం ఎలాగో చెబుతారు. టీచరు భయం గురించి ఒక్క గంట కూడా మాట్లాడరు. డైట్‌లోనే మొదటి నెలలో ప్రతి ట్రైనీనీ కూర్చోబెట్టి, నీకు లెక్కలంటే ఏం గుర్తొస్తుంది అని అడగాలని నా కోరిక. జవాబు రాసి దాచుకున్నా చాలు.

ఇప్పుడు క్లాసులో ఎక్కాలు ఎవరినీ నిలబెట్టి అడగను. పక్కపక్కన కూర్చుని చెప్పుకుంటారు, మర్చిపోతే కూడుకుంటూ వస్తారు. తప్పు జవాబు వస్తే, "ఎట్ట చేశావో చెప్పు" అంటాను. చెప్తూ చెప్తూ సగం మంది వాళ్లే సరిచేసుకుంటారు. తెలియకపోతే తెలియదంటాను. ఎవరైనా ఆఫీసరు వచ్చి వెనక నిలబడితే మాత్రం నాకు ఇప్పటికీ అరచేతులు తడుస్తాయి. అప్పుడు చాక్‌పీసు పిల్లలకిచ్చేస్తున్నాను.

ఈ నెల మా ఆరుగురి ముందున్నది 612ను 6తో భాగించడం. ఐదో తరగతిలో ముక్కాలు మంది 12 అని రాస్తున్నారు, మధ్యలో సున్నా వదిలేసి. ఆ సున్నా ఎందుకు రాయాలో కళ్లకు కనపడేలా పుల్లలతో చేసి చూడాలి. నా దగ్గరున్నవి మూడు వందల చిల్లరే. ఆదివారం సంతలో ఇంకో చీపురు కొనుక్కురావాలి.